రెండూ ఆల్బినోలే, పిల్లలన్నీ నల్ల పట్టీలవే: ఎందుకిలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి లెపర్డ్ గెకోలంటే (ఒంటి మీద మచ్చలుండే పెంపుడు బల్లులు) ప్రాణం. కిందటి అక్టోబరులో రెప్టైల్ ఎక్స్‌పోలో ఎదిగిన ఆడ ఆల్బినో (ఒంట్లో నల్లరంగు తయారుకానిది) ఒకటి కొన్నాం. డబ్బా మీద "ట్రెంపర్ ఆల్బినో" అని రాసి ఉంది. జనవరిలో వేరొకాయన దగ్గర మగదాన్ని తీసుకున్నాం. దాని మీద ఉత్త "ఆల్బినో" అనే ఉంది. ఫిబ్రవరిలో జత కలిపాం. ఎనిమిది గుడ్లు పెట్టింది. రెండు పాడయ్యాయి, ఆరు పిల్లలయ్యాయి. ఆరింటికీ పసుపు ఒళ్లు, నల్ల పట్టీలే! ఆల్బినోలకు మామూలు పిల్లలు ఎలా పుడతాయి? మగదాన్ని అమ్మినాయన మమ్మల్ని మోసం చేశాడా? ఈ పిల్లలను "హెట్" అని చెప్పి అమ్మొచ్చా? వీటిలో వీటినే జత కలిపితే ఆల్బినోలు వస్తాయా? ఇంకొకటి. "66 శాతం హెట్ ఎక్లిప్స్" (ఎక్లిప్స్ అంటే కన్ను నల్లగా నిండి ఉండే రకం) అంటూ ఒకదాన్ని మామూలు గెకో కంటే బాగా ఎక్కువ ధర చెబుతున్నారు. తీసుకోమంటారా?
ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: మోసమని అప్పుడే అనుకోకండి. మీ ఆడదీ ఆల్బినోయే, మగదీ ఆల్బినోయే అయ్యుండొచ్చు. కానీ రెండూ ఒకే రకం ఆల్బినో కాకపోవచ్చు. లెపర్డ్ గెకోల్లో మూడు ఆల్బినో రకాలున్నాయి: ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్. మూడోదాన్ని లాస్ వేగాస్ ఆల్బినో అని కూడా పిలుస్తారు. రాన్ ట్రెంపర్, మార్క్ బెల్, టిమ్ రెయిన్‌వాటర్ అనే అమెరికా పెంపకందారుల పేర్లే వీటికి స్థిరపడ్డాయి. పైకి చూస్తే మూడూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. లోపల చెడిన జన్యువు మాత్రం ఒక్కో రకంలో ఒక్కోటి.

మీ అమ్మాయి జీవశాస్త్రం పాఠంలో అంతర్గత లక్షణం గురించి చదివే ఉంటుంది. ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. అంతర్గత లక్షణం పైకి కనిపించాలంటే ఆ రెండు ప్రతులూ మారినవై ఉండాలి. ఒక్క ప్రతి సరిగ్గా ఉన్నా చాలు, ఒంట్లో నల్లరంగు తయారవుతుంది, గెకో మామూలుగానే కనిపిస్తుంది. అలా ఒక ప్రతి మారి, ఒకటి బాగున్నదాన్నే పెంపకందారులు "హెట్" అంటారు. రెండూ మారి లక్షణం బయటపడినదాన్ని "విజువల్" అంటారు.

ఇప్పుడు మీ జత సంగతి. నల్లరంగు తయారు కావడం ఒక్క మెట్టు పని కాదు. మధ్యలో ఏ మెట్టు దగ్గర పని ఆగినా ఫలితం ఆల్బినోయే. ఒక ఇంట్లో గ్రైండర్ చెడింది, పక్కింట్లో పొయ్యి వెలగడం లేదు. రెండిళ్లలోనూ ఇడ్లీ లేదు. మొదటి ఇంటి పొయ్యి, పక్కింటి గ్రైండర్ ఒకచోట చేరితే ఇడ్లీ తయారు. మీ ఆడదాంట్లో ట్రెంపర్ జన్యువు రెండు ప్రతులూ మారి ఉన్నాయి, బెల్ జన్యువు మాత్రం శుభ్రంగా ఉంది. మగది బెల్ రకమైతే దాంట్లో సరిగ్గా దీనికి తలకిందులు. ప్రతి పిల్లకూ తల్లి నుంచి బాగున్న బెల్ ప్రతి, తండ్రి నుంచి బాగున్న ట్రెంపర్ ప్రతి అందుతాయి. అందుకే ఆరుకు ఆరూ నల్ల పట్టీలతో వచ్చాయి. ఇక్కడ శాతాల ప్రసక్తే లేదు. అరవై పిల్లలు పుట్టినా అరవైకి అరవై మామూలువే. మగది రెయిన్‌వాటర్ అయినా జరిగేది ఇదే.

దీనికంటే తక్కువ అవకాశం ఉన్నా, కొట్టిపారేయలేని కారణం ఇంకొకటుంది. మీరు ఆడదాన్ని ఎదిగాక కొన్నారు. లెపర్డ్ గెకో ఆడది జత కలిసిన తర్వాత నెలల తరబడి వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలదు. మీ ఇంటికి రాకముందే ఏ మామూలు మగదానితోనైనా కలిసి ఉంటే, ఫిబ్రవరి తర్వాతి గుడ్లకు తండ్రి అదే కావచ్చు. మీ మగది నిజంగా ట్రెంపరే అయినా అప్పుడు పిల్లలన్నీ మామూలుగానే పుడతాయి. ఆరూ ఒకేలా ఉన్నాయి కాబట్టి పిల్లలను చూసి ఈ రెండు కారణాల్లో ఏది నిజమో తేల్చలేం.

కళ్లు, మచ్చలు చూసి రకం చెబుతామనేవాళ్లు ఉంటారు. బెల్ కళ్లలో గులాబీ ఎరుపు ఎక్కువనీ, ట్రెంపర్ కళ్లు వెండిరంగు మీద ఎర్ర నరాలతో ఉంటాయనీ అంటారు. చాలాసార్లు అది నిజమే. అయినా దాన్ని రుజువుగా తీసుకుని జత కట్టొద్దు. వయసుతో రంగు మారుతుంది, పొదిగిన వేడిని బట్టీ మారుతుంది. తక్కువ వేడిలో పొదిగిన ట్రెంపర్ పిల్ల ముదురు గోధుమ పట్టీలతో వచ్చి, మొదటిసారి చూసేవాళ్లకు ఆల్బినో అనే అనిపించదు. మీ ఆరు పిల్లలను కూడా పగటి వెలుతురులో ఒకసారి దగ్గరగా చూడండి. మామూలు పిల్లకు పట్టీ నిజంగా నలుపు, కన్ను ముదురు. ఆల్బినో పిల్ల పట్టీ ఎంత ముదిరినా చాక్లెట్ రంగు దగ్గరే ఆగిపోతుంది, కన్ను లేతగా ఉంటుంది. మీరు "నల్ల పట్టీలు" అన్నారు కాబట్టి మామూలువనే అనుకుంటున్నాం, అయినా చూసుకోవడం మంచిది.

తేల్చుకునే దారిలో ఖర్చు లేనిది ముందు చేయండి. మగదాన్ని అమ్మినాయనకు ఫోన్ చేసి "ఏ రకం ఆల్బినో? దీని తల్లిదండ్రుల ఫొటోలు ఉన్నాయా?" అని అడగండి. సరిగ్గా పెంచేవాళ్ల దగ్గర ఈ జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆయన బెల్ అనో రెయిన్‌వాటర్ అనో చెప్పి ఫొటోలు పంపితే మీ చిక్కు విడిపోయినట్టే. ఉత్త "ఆల్బినో" అని రాయడం మోసం కాకపోయినా నిర్లక్ష్యమే. ఈ జాతిలో రకం పేరు లేని ఆల్బినోను పెంపుడు జీవిగా సంతోషంగా కొనుక్కోవచ్చు కానీ, జత కట్టే ఉద్దేశంతో మాత్రం కొనకూడదు.

ఆయనకూ తెలియదంటే పరీక్ష జత ఒకటే మార్గం. రకం కచ్చితంగా తెలిసిన, ఇంతవరకూ ఏ మగదానితోనూ కలవని ట్రెంపర్ ఆడదానితో మీ మగదాన్ని కలపాలి. పిల్లప్పటి నుంచీ ఒంటరిగా పెరిగినదైతేనే ఆ నమ్మకం. ఈ పరీక్షలో సౌకర్యం ఏమిటంటే, ఒక్క పిల్ల చాలు. అది ఆల్బినో అయితే మీ మగది ట్రెంపర్. నల్ల పట్టీలతో వస్తే ట్రెంపర్ కాదు. రెండువైపులా విజువల్స్ కాబట్టి మధ్యస్థంగా ఏదీ రాదు. కానీ ఒక పిల్ల కోసం చేసిన పరీక్షలో గుడ్లు పది వరకూ రావచ్చు. వాటన్నిటికీ ఇళ్లు దొరుకుతాయనుకుంటేనే ఈ పని పెట్టుకోండి. లేదంటే మగదాన్ని పెంపుడు జీవిగా ఉంచుకుని, మీ ఆడదానికి కాగితాలున్న ట్రెంపర్ మగదాన్ని వెతకడమే సుఖం.

అలా కొత్త మగదాన్ని తెచ్చినప్పుడు మొదటి గుడ్లు పాత మగదానివి కావచ్చు. దీనికి భయపడక్కర్లేదు, పిల్లలే చెబుతాయి. ట్రెంపర్ విజువల్, ట్రెంపర్ విజువల్ కలిస్తే ప్రతి పిల్లా ఆల్బినోయే. నల్ల పట్టీలతో ఏ పిల్ల వచ్చినా దాని తండ్రి కొత్త మగది కాదని రాసుకోండి. మగదాన్ని విడదీశాక కూడా మీ ఆడది ఈ ఏడాది ఇంకా గుడ్లు పెట్టొచ్చు. అవి కూడా పిల్లలు కావచ్చు.

ఇక ఆరు పిల్లలను ఏమని చెప్పి ఇవ్వాలి? ఇక్కడ మీకు ఒక గట్టి ఆధారం ఉంది. తండ్రి ఎవరైనా సరే, తల్లి నుంచి మారిన ట్రెంపర్ ప్రతి ఒకటి ప్రతి పిల్లకూ చేరే తీరుతుంది, ఎందుకంటే తల్లి దగ్గర బాగున్న ప్రతి ఇవ్వడానికే లేదు. కాబట్టి తల్లి డబ్బా మీద రాసినది నిజమైతే ఆరూ "100 శాతం హెట్ ట్రెంపర్". తండ్రి వైపు మాత్రం ప్రశ్నార్థకమే. కార్డు మీద ఇలా రాయండి: "తల్లి: ట్రెంపర్ ఆల్బినో, అమ్మినవారి కార్డు ప్రకారం. తండ్రి: ఆల్బినో, రకం తెలియదు. పిల్ల: హెట్ ట్రెంపర్, మరో ఆల్బినో జన్యువు కూడా ఉండొచ్చు. పెంపుడు జీవిగా మాత్రమే." ఉత్త "హెట్ ఆల్బినో" అని రాస్తే, మీకు ఇప్పుడొచ్చిన చిక్కునే ఇంకో ఇంటికి పంపినవాళ్లవుతారు. ధర కూడా మామూలు గెకో ధరే చెప్పండి. పిల్లల ఆరోగ్యానికి దీనివల్ల ఏ లోటూ లేదు. ఆరూ చక్కటి పెంపుడు జీవులే.

అన్నాచెల్లెళ్లను జత కట్టొద్దని గట్టిగా చెబుతున్నాం. దగ్గరి రక్తం అన్నది ఒక కారణం: కంటికి కనిపించని ఇతర అంతర్గత లోపాలు రెండువైపుల నుంచీ కలిసి బయటపడే వీలు పెరుగుతుంది. ఇక్కడ అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. తండ్రి బెల్ అనుకుంటే ఈ పిల్లల్లో ప్రతిదీ రెండు రకాలకూ హెట్. అలాంటి రెంటిని కలిపితే సగటున పదహారింటిలో తొమ్మిది మామూలుగా కనిపిస్తాయి. మూడు ట్రెంపర్ వల్ల ఆల్బినో, మూడు బెల్ వల్ల ఆల్బినో, ఒకటి రెండింటి వల్లా ఆల్బినో. అంటే పదహారుకు ఏడు ఆల్బినోలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఏడింటిలో ఏది ఏ రకమో చెప్పడానికి చూపు చాలదు. ట్రెంపర్ వల్ల ఆల్బినో అయిన మూడింటిలోనూ రెండు బెల్‌ను దాచుకుని ఉంటాయి. మామూలుగా కనిపించే తొమ్మిదిలో ఏ ఆల్బినో జన్యువూ లేనిది ఒక్కటే. అవి చేతులు మారి, ఇంకెవరో "ట్రెంపర్" అని జత కట్టాక, రెండు తరాల తర్వాత లెక్క తప్పిన పిల్లలు వస్తాయి. అప్పుడు ఎక్కడ కలిసిందో వెనక్కి వెళ్లి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మూడు రకాలనూ విడివిడిగా ఉంచాలని పెంపకందారులు అంత పట్టుబట్టేది ఇందుకే.

మీ అమ్మాయి పున్నెట్ చదరం (తల్లిదండ్రుల జన్యు ప్రతులు ఎలా కలవొచ్చో చూపే గడుల పట్టిక) గీసి "నాలుగు గుడ్లకు ఒక ఆల్బినో" అని లెక్క వేసి ఉంటే, దాని గురించి ఒక మాట. నాలుగు గడులంటే నాలుగు గుడ్లు కాదు. ఒక్కో గుడ్డుకు ఉన్న అవకాశాలను ఆ గడులు చూపిస్తాయి. హెట్‌తో హెట్‌ను కలిపితే ప్రతి గుడ్డుకూ విడిగా పావు వంతు అవకాశం, ముందు గుడ్డులో ఏం వచ్చిందన్నది తర్వాతి గుడ్డుకు తెలియదు. నాలుగు గుడ్లలో ఒక్క విజువల్ కూడా రాకపోయే అవకాశం దాదాపు 32 శాతం. ఎనిమిది గుడ్లకు 10 శాతం, పన్నెండుకు 3 శాతం. లెపర్డ్ గెకో ఒక్కో విడతకు రెండేసి గుడ్లే పెడుతుంది కాబట్టి, ఇద్దరు హెట్‌ల నుంచి రెండు మూడు విడతలు ఖాళీగా పోయాయని జతను తప్పు పట్టడం తొందరపాటే. అదే రెండు అంతర్గత లక్షణాలు ఒకేసారి కావాలని రెండింటికీ హెట్‌లైన జతతో మొదలుపెడితే అవకాశం పదహారో వంతు. పదహారు గుడ్లు పెట్టినా ఒక్కటీ రాకపోయే అవకాశం 36 శాతం దాకా ఉంటుంది. ఒక ఆడదాని ఏడాది మొత్తం గుడ్లు అంతలోనే అయిపోవచ్చు. కనీసం ఒకవైపైనా విజువల్ ఉంటే ఈ లెక్క ఎంతో మెరుగు.

ఇప్పుడు "66 శాతం హెట్ ఎక్లిప్స్". ఆ జీవిలో జన్యువు 66 శాతం ఉందని కాదు దీని అర్థం. ఉంటే పూర్తిగా ఉంది, లేకపోతే అసలు లేదు. ఎక్లిప్స్‌కు హెట్‌లైన తల్లిదండ్రులకు పుట్టి, మామూలుగా కనిపించే పిల్లలు మూడుంటే, సగటున రెండు ఆ జన్యువును మోస్తాయి. ఏ రెండో తెలియదు. కాబట్టి మూడింటి మీదా 66 అని రాస్తారు. హెట్‌ను మామూలుదానితో కలిపితే పుట్టిన పిల్లల మీద ఇదే లెక్కన 50 అని ఉంటుంది. ఆ అంకె విలువంతా తల్లిదండ్రులు నిజంగా హెట్‌లేనా అన్న రుజువు మీద ఉంది. వాటికి ఎక్లిప్స్ పిల్ల పుట్టిన దాఖలా, ఫొటో అడగండి. అది లేకపోతే 66 అన్నది ఉత్త మాటే.

రుజువు ఉన్నా అది చేతికొచ్చాక తేల్చుకోవాలంటే విజువల్ ఎక్లిప్స్‌తో జత కట్టాలి. మీది హెట్ అయితే ప్రతి పిల్లకూ సగం అవకాశం. ఒక్క ఎక్లిప్స్ పిల్ల పుడితే ఆ క్షణమే 66 కాస్తా 100 అవుతుంది. పుట్టకపోతే అంకె ఎలా దిగుతుందో చూడండి: మొదటి పిల్ల మామూలుదైతే 50, రెండూ అంతే అయితే 33, వరసగా నాలుగైతే 11, ఆరైతే 3. ఆరు పిల్లల తర్వాత దాన్ని మామూలుదిగానే లెక్కేసుకోవచ్చు. పిల్లల కళ్లను టార్చి వెలుతురులో ఒక్కోటీ చూడాలి. ఎక్లిప్స్‌లో కన్ను మొత్తం నల్లగా ఉండొచ్చు. సగమే నిండి ఉండొచ్చు కూడా. ఈ సగం కన్నును చాలామంది గమనించక మామూలు అని రాసేస్తారు, లెక్కంతా అక్కడే తప్పుతుంది.

ఇద్దరు "66 శాతం హెట్"లను కలిపితే ఏమొస్తుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఇలాంటి జతలనే చవకగా అమ్ముతారు. రెండూ హెట్ అయ్యే అవకాశం 44 శాతం, ఒక్కో గుడ్డు నుంచి విజువల్ వచ్చే అవకాశం 11 శాతం. ఎన్ని గుడ్లు పెట్టినా ఏమీ రాకపోతే ఏది హెట్ కాదో కూడా తెలియదు. మా సలహా: ఆ గెకో మీకు నచ్చితే మామూలు గెకో ధరకు కొనండి. ఆ 66 కోసం పైన డబ్బు పెట్టకండి. ఎక్లిప్సే కావాలనుకుంటే ఆ డబ్బుతో విజువల్‌నే తీసుకోవచ్చు.

కొనేటప్పుడు ఇంకొకటి అడగాలి. గెకోల్లో అన్నీ అంతర్గత లక్షణాలు కావు. మ్యాక్ స్నో అనే తెల్లటి రంగు రకానికి ఒక్క ప్రతి చాలు, పైకి కనిపిస్తుంది. రెండు ప్రతులైతే సూపర్ స్నో. దానికి "హెట్" అన్న మాటే వర్తించదు. మామూలుగా కనిపించేదాన్ని "హెట్ మ్యాక్ స్నో" అని ఎవరైనా అమ్మితే వాళ్లకు విషయం తెలియదన్నట్టే. లెమన్ ఫ్రాస్ట్ అనే మెరిసే పసుపు రకం జోలికి అసలు వెళ్లొద్దు. ఆ రంగు తెచ్చే జన్యుమార్పే చర్మంలో కణితులనూ తెస్తుందని 2021లో వచ్చిన జన్యు అధ్యయనం చూపించింది. ఎనిగ్మా రకంలో తల వంకరగా పెట్టడం, గుండ్రంగా తిరగడం లాంటి నరాల జబ్బు ఉంది. ఎంత అందంగా ఉన్నా జీవిని బాధపెట్టే రంగు మీ ఇంట్లో పుట్టించకండి.

వచ్చే ఏడాదికి లెక్కలు పక్కాగా ఉండాలంటే గుడ్డు పెట్టిన రోజే మొదలుపెట్టాలి. గుడ్డును తిప్పకుండా తీసి, పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. వర్మిక్యులైట్‌లో (తేమను పట్టి ఉంచే ఖనిజపు పొడి) దాని బరువుకు సమానమైన నీళ్లు కలిపి, గుడ్డును సగం దాకా దించండి. డబ్బా మూత మీద తల్లి, తండ్రి, తేదీ, ఎన్నో విడత రాయండి. రెండు జతల గుడ్లు ఒకే డబ్బాలో పెట్టొద్దు. పిల్ల బయటికొచ్చిన రోజు, మొదటి కుబుసం విడిచాక, మూడు నెలలకు ఫొటో తీసి అదే నంబరుతో దాచండి. పైకి కనిపించని లక్షణానికి ఈ కాగితమే ఆధారం.

వేడి సంగతి కూడా ముందే నిర్ణయించుకోండి. ఈ జాతిలో పిల్ల ఆడదా మగదా అన్నది పొదిగే వేడిని బట్టి ఉంటుంది. 26, 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు అన్నీ ఆడవే. 30 దగ్గర రెండూ వస్తాయి. 32.5 దగ్గర ఎక్కువగా మగవి. అంటే మీ అమ్మాయి వేసుకునే పున్నెట్ లెక్క రంగుకు పనికొస్తుంది కానీ ఆడ, మగ లెక్కకు పనికిరాదు. తక్కువ వేడిలో గుడ్డుకు రెండు నెలలు దాటొచ్చు, ఎక్కువ వేడిలో నెలన్నరకే పిల్ల రావచ్చు. పెంపుడు జీవులుగా ఇచ్చేవాళ్లకు ఆడవే మేలు: కొన్నిటిని కలిపి ఉంచినా మగవాటిలా చంపుకునేంత కొట్లాట ఉండదు. అయినా విడిగా ఉంచడమే మంచిది.

ఎనిమిది గుడ్లు పెట్టిన ఆడదాన్ని ఇప్పుడు తూచి చూడండి. జతకు ముందున్న బరువు తిరిగొచ్చి, తోక మళ్లీ మెడంత లావు అయ్యేవరకూ ఏ మగదాన్నీ దగ్గరికి రానివ్వకండి. దాని గూట్లో కాల్షియం పొడి చిన్న గిన్నెలో ఎప్పుడూ ఉండాలి. నడుస్తుంటే కాళ్లు వణికినా, దవడ మెత్తబడినట్టు అనిపించినా ఆ వారమే సరీసృపాలను చూసే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.